వెల్డ్ అంచున మసక గీత వస్తోంది, క్రాకేనా?

ఫ్యాబ్రికేషన్ షాపులో ఈమధ్యే క్వాలిటీలో చేరాను. మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ (అయస్కాంతంతో క్రాకులు వెతికే టెస్ట్) చేస్తూ, మైల్డ్ స్టీల్ బ్రాకెట్ ఫిల్లెట్ వెల్డ్‌కి (రెండు ముక్కలు కలిసే మూలలో వేసే వెల్డ్) తెల్ల పెయింట్ కొట్టి, ఏసీ యోక్ (రెండు కాళ్ల కరెంటు అయస్కాంతం) ఆన్ చేసి నల్ల ఇంకు (ఇనుప పొడి కలిపిన ద్రవం) చల్లితే అంచు పొడవునా మసక గీత కనిపిస్తోంది. వెల్డర్ అన్న అండర్‌కట్ (వెల్డ్ అంచున పడే గాడి) అంటాడు, సూపర్‌వైజర్ క్రాక్ అంటాడు, మధ్యలో టెన్షన్ నాకు. ఎలా తేల్చాలి? 304 స్టెయిన్‌లెస్ పైపుకీ ఇదే టెస్ట్ చేయొచ్చా?

జవాబు 1:
మసకగా, వెడల్పుగా ఉంటే చాలావరకు అది ఆకారం వల్ల వచ్చేదే, ఆ మలుపులో అయస్కాంత ఫీల్డ్ బయటికి లీకై ఇంకులోని పొడి అక్కడ పోగవుతుంది. క్రాక్ గీత సన్నగా, పదునుగా, కాస్త వంకరటింకరగా ఉంటుంది. అయినా చూసి తీర్పు చెప్పేయకండి. అంచుని గ్రైండర్‌తో తేలిగ్గా నునుపు చేసి మళ్లీ ఇంకు చల్లండి. లోతున్న క్రాకైతే గీత మళ్లీ అక్కడే వస్తుంది.

జవాబు 2:
అది సరే గానీ యోక్ ఎటు పెట్టారు బ్రదర్? కాళ్లు వెల్డ్‌కి చెరోవైపు ఉంటే పొడవు క్రాకులే బాగా దొరుకుతాయి, అడ్డ క్రాకుల కోసం 90 డిగ్రీలు తిప్పి ఇంకోసారి చూడాల్సిందే. యోక్ బలం సరిపోతోందా అని, ఏసీ యోక్ 4.5 కిలోల దిమ్మెను ఎత్తుతోందో లేదో కూడా చెక్ చేయండి.

జవాబు 3:
304కి కుదరదండి, అయస్కాంతం పట్టదు కదా, డై పెనెట్రెంట్ (రంగు ద్రవం క్రాకుల్లోకి ఇంకేలా చేసి చూసే టెస్ట్) చేసుకోండి. హై స్ట్రెంత్ స్టీల్ అయితే మాత్రం వెల్డ్ చల్లారగానే చూసి వదిలేయొద్దు, హైడ్రోజన్ క్రాకులు (వెల్డ్‌లో చేరిన హైడ్రోజన్ వల్ల వచ్చేవి) ఆలస్యంగా బయటపడతాయి, చాలాచోట్ల 48 గంటలు ఆగాకే టెస్ట్ చేస్తారు.