డెన్వర్‌లో గంజాయికి బోర్డు పెట్టి అంగడి నడుపుతా ఉండారు, అక్కడ ఇది చట్టమెట్లా అయింది?

కొర్లగుంట కండక్టర్:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాను, తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. మా చిన్నోడు ఎంఎస్ చదివేదానికి అమెరికాలో డెన్వర్ పోయినాడు. మొన్న వీధిలో నడుస్తా వీడియో కాల్ మాట్లాడతా ఉంటే వెనకాల ఆకుపచ్చ ప్లస్ గుర్తు బోర్డు కనపడింది. "ఏంరా, మందుల షాపా?" అంటే నవ్వి "కాదు నాయనా, గంజాయి అంగడి" అన్నాడు. 21 ఏండ్లు నిండినట్టు కార్డు చూపిస్తే బిల్లేసి ఇస్తారంట. మా ఇంటామె ఆ రాత్రి అన్నం ముట్టలా.

చిత్తూరు - వేలూరు బస్సుల్లో డ్యూటీ చేసినోణ్ణి. బార్డర్లో పోలీసులు బండి ఆపి సీట్ల కింద సంచులు తడిమేది ఎన్నిసార్లు చూసినానో. మన అలిపిరిలో అయితే బీడీ కట్ట కూడా పైకి పోనియ్యరు. అట్లాంటిది అంత పెద్ద దేశంలో గవర్నమెంటే లైసెన్సు ఎట్లా ఇచ్చింది? ఎవరు అడిగినారు, ఎప్పుడు మారింది, అంతా డబ్బు కోసమేనా? మా వాడు తాగుతాడని కాదు అడిగేది. నాకు జరిగిన సంగతి కావాల. వాట్సాప్ కథలు వద్దు.

పూతలపట్టు పాలవాడు:

అన్నా, నమస్కారం. మాది పూతలపట్టు పక్కన పల్లె. డెన్వర్‌కు ఆనుకొనుండే అరోరాలో చానా ఏండ్లు సాఫ్ట్‌వేర్ పని చేసి, ఇప్పుడు ఊర్లో ఆవులు పెట్టుకోని పాలు పోస్తా ఉండా. అక్కడ ఓటింగు జరిగినప్పుడు నేను ఆ ఊర్లోనే ఉన్నా, ఓటు లేని మనిషిగా. రవంత పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గవర్నమెంటు ఇచ్చింది అన్నారే, అక్కడ గవర్నరు వద్దన్నా జనం తెచ్చుకున్నారు. డెన్వర్ ఉండే కొలరాడో రాష్ట్రంలో చాలినన్ని సంతకాలు తెస్తే రాష్ట్ర రాజ్యాంగ సవరణనే నేరుగా జనం ఓటుకు పెట్టొచ్చు. అసెంబ్లీ ఒప్పుకునేదాకా కాచుకోనక్కర్లా. మన దగ్గర ఆ పద్ధతి లేదు కాబట్టి ఇది మనకు వింతగా ఉంటుంది.

నిషేధం మొదట 1917లో పెట్టినారు. అప్పట్లో కొలరాడోలో చక్కెర బీట్‌దుంప సేద్యం జాస్తి, దాంట్లో కూలికి మెక్సికో నుంచి వచ్చేవాళ్లు. గంజాయంటే ఆ కూలోళ్ల అలవాటని పేరు పడింది, నిషేధం వెనక ఆ ఏవగింపు కూడా ఉంది. 1937లో దేశమంతటికీ గంజాయి పన్ను చట్టం వచ్చింది. అక్టోబర్ 1న అమల్లోకి వస్తే, వారం తిరిగేలోపల డెన్వర్‌లో శామ్యూల్ కాల్డ్‌వెల్ అనే ఆయన్ని అమ్ముతా ఉండాడని పట్టుకున్నారు. నాలుగేండ్ల జైలు, 1000 డాలర్ల జరిమానా. ఆ చట్టం కింద మొట్టమొదట శిక్ష పడిన అమ్మకందారు ఆయనే అంటారు. ఏ ఊర్లో అయితే ఆయనకు సంకెళ్లు వేసినారో ఆ ఊర్లోనే 2014లో జనం చలిలో క్యూ కట్టి కొనుక్కున్నారు.

1975లో కొంచెం సడలించినారు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల దాకా దొరికితే జైలు లేదు, 100 డాలర్లు కట్టి పో అన్నట్టు. ఆ తర్వాత పాతికేండ్లు చెప్పుకోదగింది ఏం జరగలా.

మళ్లీ కదిలింది వైద్యం పేరు మీద. 1998లోనే వైద్య గంజాయి సవరణ బ్యాలెట్ మీదికి వచ్చింది గానీ, సంతకాలు చాల్లేదని తగాదా పడి ఆ ఓట్లు లెక్కే పెట్టలా. 2000లో మళ్లీ పెడితే, సవరణ 20 అని, 54 శాతంతో గెలిచింది. క్యాన్సర్, ఎయిడ్స్, గ్లాకోమా అనే కంటిజబ్బు, తగ్గని నొప్పులు లాంటివాటికి డాక్టరు రాసిస్తే కార్డిస్తారు. చానా ఏండ్లు ఆ కార్డులు తీసుకున్నోళ్లు తక్కువే. 2009లో ఒబామా న్యాయశాఖ తన లాయర్లకు ఒక మెమో పంపింది: రాష్ట్ర చట్టం ప్రకారం నడుచుకునే రోగుల మీద మీ టైము ఖర్చు పెట్టొద్దని. ఇంక చూడండి, డెన్వర్‌లో ఏ వీధికి పోయినా ఆకుపచ్చ ప్లస్సే. తగ్గని నొప్పి అని కార్డు తీసుకున్న పాతికేండ్ల పిల్లకాయలు మా ఆఫీసులోనే ఉన్నారు, మధ్యాహ్నం వాలీబాల్ ఆడేవాళ్లు. నొప్పి యాడ అని నేను అడగలా. ఈ గోల చూసి 2010లో అసెంబ్లీ లైసెన్సులు పెట్టి, దానికంటూ ఒక తనిఖీ శాఖను పెట్టింది. ఇది చిన్న విషయం మాదిరి ఉంటుంది గానీ, నన్నడిగితే అసలు మలుపు ఇదే. 2012లో ఓటేసేనాటికి జనానికి ఇది తెలియని భూతం కాదు. పక్క వీధిలో నడిచే అంగడి, లెక్కలు చూసే ఇన్‌స్పెక్టరు, రెండూ కళ్ల ముందే ఉన్నాయి.

పోరాడిందెవరు అన్నారు కదా. మేసన్ ట్వెర్ట్ అని ఒకాయన, 2005లో పాతికేండ్లు కూడా లేవు. అంతకు ముందు సంవత్సరం ఆ రాష్ట్రంలో ఇద్దరు కాలేజీ పిల్లలు మితిమీరి మందు తాగి చచ్చిపోయినారు. సారా కంటే గంజాయి తక్కువ చేటు, దాన్ని అమ్మనిస్తా దీనికి జైలెందుకు అని ఆయన వాదన. 2005లో డెన్వర్ సిటీ వరకు ఓటు పెడితే గెలిచినాడు. అప్పటి మేయరు జాన్ హికెన్‌లూపర్, రాజకీయాల్లోకి రాకముందు బీరు కాచి అమ్మే హోటలు పెట్టినాయన! ట్వెర్ట్‌కు ఇంతకంటే ఏం కావాల. 2006లో రాష్ట్రం మొత్తానికి పెడితే మాత్రం 41 శాతమే పడింది, ఓడిపోయినారు.

2012లో 'గంజాయిని మద్యం మాదిరే కట్టడి చేద్దాం' అని పేరు పెట్టుకోని మళ్లీ వచ్చినారు. లాయరు బ్రయాన్ విసెంటె ముందుండి నడిపినోళ్లలో ఒకరు. సవరణ 64. నవంబర్ 6న 55 శాతం పడింది. ఆ రోజు కొలరాడోలో ఒబామాకు పడిన ఓట్ల కంటే దీనికే జాస్తి. ఆ బీరు మేయరే అప్పటికి గవర్నరు, దీనికి వ్యతిరేకి. గెలిచిన రాత్రి ఆయన చెప్పిందేమంటే, ఫెడరల్ చట్టంలో, అంటే దేశమంతటి చట్టంలో, ఇది ఇంకా నేరమే, అప్పుడే చీటోస్ చిరుతిండి పొట్లాలు విప్పొద్దని, అంటే తొందరపడి పండగ చేసుకోవద్దని. డిసెంబర్ 10న ఆయనే సంతకం పెట్టాల్సొచ్చింది. 21 దాటినోళ్లు ఔన్సు దాకా పెట్టుకోవచ్చన్నారు (2021లో దాన్ని రెండు ఔన్సులు చేసినారు), ఇంట్లో ఆరు చెట్లు పెంచుకోవచ్చు. అంగళ్లు 2014 జనవరి 1న తెరిచినారు.

డబ్బు సంగతి. 'స్కూళ్లకు డబ్బు' అని చానా ఊదరగొట్టినారు. హోల్‌సేల్ మీద 15 శాతం ఎక్సైజు పన్ను, ఏటా దాంట్లో మొదటి 4 కోట్ల డాలర్లు బడి భవనాలకు అని అప్పట్లో పెట్టినారు. ఈ పన్నుకు 2013లో వేరేగా ఓటు పెట్టినారు, ఎందుకంటే ఆ రాష్ట్రంలో జనాన్ని అడక్కుండా కొత్త పన్ను వెయ్యకూడదు. అది గోడలకు, పైకప్పులకు ఇచ్చిన డబ్బు, టీచర్ల జీతాలకు కాదు. మా పక్కింటి టీచరమ్మ 'గంజాయి డబ్బుతో మీకేం కొరత' అనే ప్రతివాడికీ ఇదే విప్పి చెప్పి చెప్పి విసిగిపోయింది. 2021లో రాష్ట్రమంతటా అమ్మకాలు 220 కోట్ల డాలర్ల దాకా పోయినాయి, ఆ తర్వాత పడిపోతా వచ్చినాయి. చుట్టుపక్కల రాష్ట్రాలు కూడా తెరిస్తే ఇంకెవరు డ్రైవింగు చేసుకోని ఇంత దూరం వస్తారు? డబ్బు ఓటు అడిగేదానికి మంచి మాటగా పనికొచ్చింది. ఓటేసింది మాత్రం చేతిలో పొట్లం దొరికిందని పిల్లల్ని కోర్టుకీడ్చేది చాలనుకున్నోళ్లు. 2020లో గవర్నరు జారెడ్ పోలిస్ అట్లాంటి పాత కేసులు 2,732 మాఫీ చేసినాడు.

ఇంకోటి, రాష్ట్రమంతా ఒకే మాదిరి లేదు. ఏ ఊరికి ఆ ఊరు వద్దనుకోవచ్చు. కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరి వాళ్లు 2024 నవంబర్ ఓటు దాకా డాక్టరు చీటీ అక్కర్లేని మామూలు అంగళ్లు రానియ్యలా.

చిత్తూరు అడ్వకేటు:

పైన మిత్రులు అక్కడిది బాగా రాశారు. ఇక్కడిది రెండు ముక్కలు నేను చెబుతాను, ఎందుకంటే 'మన దగ్గర ఎప్పుడూ నిషేధమే' అనే భ్రమ చాలామందికి ఉంది. బ్రిటిషు వాళ్ల కాలంలో గంజాయి ఎక్సైజు లైసెన్సు మీదే అమ్మేవారు. 1893-94లో కమిషను వేసి విచారిస్తే, పూర్తి నిషేధం అవసరం లేదని, మితంగా వాడితే పెద్ద కీడు లేదని నివేదిక ఇచ్చింది. మత్తుమందుల మీద 1961 అంతర్జాతీయ ఒప్పందంలో మనం చేరాక, మన ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అందులో గంజాయి అంటే పూత, కాయల కొసలు. ఉత్త ఆకు ఆ నిర్వచనంలో లేదు, అందుకే ఉత్తరాదిన కొన్ని చోట్ల భంగుకు లైసెన్సు అంగళ్లు కనిపిస్తాయి.

కేసు బరువు తూకాన్ని బట్టి. కిలో దాకా చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తగ్గదు, బెయిలు కూడా చాలా కష్టం. ఏజెన్సీ నుంచి సంచి మోసుకొచ్చి బస్సులో దొరికిన కుర్రాళ్లలో ఎక్కువమంది కూలికి మోసినవాళ్లే. అసలు సరుకు ఎవరిదో ఛార్జిషీటులో ఉండదు. కండక్టరు గారికి ఇది నేను చెప్పనక్కర్లేదు.

తిరుచానూరు అమ్మాయి:

అంకుల్, నేను కొలరాడోలోనే ఫోర్ట్ కాలిన్స్‌లో ఎఫ్-1 అనే స్టూడెంటు వీసా మీద చదువుతున్నాను. చరిత్ర సరే, మీ అబ్బాయికి పనికొచ్చేది చెప్తాను. అంగడివాడు వీసా అడగడు. 21 నిండితే పాస్‌పోర్టు చూసి ఇచ్చేస్తాడు. కానీ వీసా ఇచ్చేది ఫెడరల్ గవర్నమెంటు, వాళ్ల చట్టంలో గంజాయి ఇప్పటికీ నేరమే. కేసు లేకపోయినా, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగినప్పుడు 'వాడాను' అని ఒప్పుకుంటే లోపలికి రానివ్వకపోవచ్చు. కాబట్టి వాడకపోవడమే. వాడి అబద్ధం చెప్పడం ఇంకా పెద్ద తప్పు. ఫోన్లో ఫోటోలు, చాట్లు కూడా చూస్తారు. ఆ అంగట్లో పార్ట్‌టైము పని అయితే అసలే వద్దు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే, ఈ వ్యాపారంలో పని చేస్తే పౌరసత్వం దగ్గర అడ్డు రావచ్చని 2019లో ఇమిగ్రేషను శాఖ రాతపూర్వకంగా చెప్పింది.

మా క్యాంపస్‌లో కూడా నిషేధమే, ఫెడరల్ గ్రాంటు తీసుకునే కాలేజీలన్నిట్లో అంతే. ఉద్యోగంలోనూ రక్షణ లేదు. చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయన వైద్య గంజాయి కార్డు పెట్టుకుని, డ్యూటీలో లేనప్పుడు మందుగా వాడినందుకు కంపెనీ తీసేస్తే, 2015లో కొలరాడో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది.

కొర్లగుంట కండక్టర్:

అందరికీ చానా థాంక్సు. పాలవాడు తమ్ముడు రాసింది ఇంటామెకు చదివి వినిపించినా, బీరు మేయరు దగ్గర నవ్వింది. అమ్మా తిరుచానూరు, ఇంకొక్కటి. మా వాడి రూమ్మేటు ఇద్దరు అక్కడి పిల్లకాయలు, ఫ్రిజ్జు ఒకటే. బిస్కెట్లు, చాక్లెట్లలో కూడా కలుపుతారని విన్నా. మా వాడు తీపి కనపడితే ఆగడు. తెలీక తింటే?

తిరుచానూరు అమ్మాయి:

మంచి ప్రశ్న అంకుల్, పొగ కంటే దీంతోనే కొత్తవాళ్లకు ప్రమాదం. తిన్నాక గంట, రెండు గంటల దాకా ఏమీ తెలియదు, అందుకని ఇంకోటి తింటారు. అంగళ్లు తెరిచిన ఏడాదే, 2014లో, వయోమింగ్ నుంచి డెన్వర్ వచ్చిన 19 ఏళ్ల విద్యార్థి ఒకడు గంజాయి కుకీ తిని హోటలు బాల్కనీ నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత తిండి పదార్థాల మీద రూల్సు ఇంకా గట్టిపడ్డాయి. ఇప్పుడున్నవి ఇవి: ఒక ముక్కకు 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్టుకు 100 మించకూడదు. పండ్లు, జంతువుల ఆకారాల్లో చేయకూడదు. ప్యాకెట్టు మీద, వీలైన చోట ముక్క మీద కూడా, డైమండు ఆకారంలో ఆశ్చర్యార్థకం గుర్తు, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం పేరు) అనే ఇంగ్లీషు అక్షరాలు అచ్చేస్తారు. ఇంట్లో చేసుకున్న కేకు మీద ఆ గుర్తు ఉండదు, కాబట్టి రూమ్మేట్లవి ఏవీ అడక్కుండా తినొద్దని చెప్పండి, వాడికంటూ ఫ్రిజ్జులో ఒక అర విడిగా పెట్టుకోమనండి. సెలవులకు వచ్చేటప్పుడు ఎవరైనా 'ఇది మోకాళ్ల నొప్పికి, మీ అమ్మకు తీసుకుపో' అని గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిల డబ్బా ఇచ్చినా పెట్టెలో పెట్టుకోవద్దనండి. చెన్నైలో దిగాక అది అడ్వకేటు గారు చెప్పిన చట్టం కిందికి వస్తుంది.