హరికథ చెప్పే డిజిటల్ బొమ్మకు తయారుగా దొరికే 52 కదలికలు చాలవా?

గంటస్తంభం (విజయనగరం):
ఐదు నిమిషాల సీతాకల్యాణ ఘట్టం కోసం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో హరిదాసు బొమ్మ తయారుచేస్తున్నాను. చిడతలు, గజ్జెలు, మెడలో దండ అన్నీ కుదిరాయి. ముఖం దగ్గరే నాకూ నా మిత్రుడికీ తగువు. ఐఫోన్ కెమెరా ముఖకవళికలను పట్టుకోవడానికి ఆపిల్ వారి ఏఆర్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో 52 కదలికల పట్టిక ఉంది కదా. ఆ కదలికలకు కావలసిన మార్ఫ్ టార్గెట్లన్నీ (ముఖం ఆకృతిని మార్చే అమరికలు) ఉన్న ముఖం ఒకటి కొని, వాటిని నా బొమ్మ మీదికి మార్చుకున్నాను. ఇక ఫోను ముందు కూర్చుని నేను కథ చెబితే బొమ్మ చెబుతుంది. మిత్రుడేమో ఒక్కొక్కటీ చేత్తో చెక్కాలంటాడు. మూడు నెలల పని! నిన్న పెట్టిన వీడియో చూసి మీరే చెప్పండి.

వంశధార (శ్రీకాకుళం):
మూడుసార్లు చూశానండీ. ‘అమ్మా జానకీ’ అన్నచోట పెదవులు కలవనే లేదు. మార్ఫ్ టార్గెట్ అంటే ముఖం కాదు, అసలు ముఖంలో ఏ బిందువు ఎటు, ఎంత జరగాలో చెప్పే లెక్క. ఒకరి ముఖానికి కట్టిన లెక్కను ఇంకొకరికి తగిలిస్తే ఒకచోట పెదవిలోకి పెదవి దూరిపోతుంది, ఇంకొకచోట సందు మిగిలిపోతుంది. మీకు సందు మిగిలింది. ఆ పట్టికలో ‘మౌత్ క్లోజ్’ అనేది దవడ తెరిచి ఉండగానే పెదవులు కలిపే కదలిక. దవడ తెరిచే ‘జా ఓపెన్’ను పూర్తిగా 1కి పెట్టి, ఆ స్థితిలో మీ బొమ్మ పెదవులు కలిపి చెక్కి, అందులోంచి దవడ కదలికను తీసివేయాలి. వేరే ముఖం నుంచి తెచ్చుకుంటే ఈ తూకం తప్పుతుంది.

పెద్ద లోటు అది కూడా కాదు. 52లో నాలుకకు ఉన్నది ఒక్కటే, బయటికి చాపడం. మరి ళ, ణ, ట ఎలా పలుకుతాడు మీ దాసు గారు?

గంటస్తంభం:
నాలుకను ఎవరు చూస్తారండీ? కండరాలు అందరికీ ఒకటే. మనస్తత్వవేత్తలు ఎక్‌మన్, ఫ్రీసెన్ 1978లో ముఖ కదలికలన్నింటికీ సంఖ్యలు వేసి పద్ధతిగా వర్గీకరించింది అందుకే కదా. విజయనగరం వాళ్ళకు వేరే కండరాలు ఉండవు.

పొందూరు నూలు:
మీరిద్దరూ చెక్కాలా, కొనాలా అని కొట్టుకుంటున్నారు. మెష్ (బొమ్మ ముఖాన్ని కట్టే బిందువుల వల) ఖరారయిందా అని ఎవరూ అడగరేం? నా గోడు వినండి. నలభై టార్గెట్లు చెక్కాక, ఇంకాస్త నునుపు చేద్దామని ముఖాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లోకి పంపి తెచ్చుకున్నాను. బిందువుల సంఖ్య సరిగ్గానే ఉంది, వాటి వరుస మారిపోయింది. చిరునవ్వు స్లయిడర్ జరిపితే కనురెప్ప గడ్డం మీదికి వచ్చింది, ముఖమంతా పేలాల్లా చిట్లింది. వరుస మార్చకుండా ఉంచే గడి ఒకటి ఉంటుంది, దానికి టిక్కు పెట్టలేదు. అంతే, నలభై పోయాయి.

ఇంకొకటి. టార్గెట్ సగంలో ఉన్నప్పుడు బిందువులు సరళరేఖలోనే నడుస్తాయి. కనుగుడ్డు గుండ్రం, రెప్ప దారి మాత్రం తిన్నన. సగం మూసిన రెప్పలోంచి గుడ్డు బయటికి పొడుచుకొస్తుంది. మధ్యలో 0.5 దగ్గర ఇంకో ఆకృతి చెక్కి ఇస్తే తప్ప ఆగదు. గంటస్తంభం గారూ, మీ వీడియోలో 1:12 దగ్గర ఎడమ కన్ను చూసుకోండి.

వంశధార:
కండరాలు ఒకటే, ఒప్పుకున్నాను. వాటి మీద ఉన్న చర్మం, కొవ్వు, పెదవి మందం ఒకటి కావు కదా. ఇక నాలుకను ఎవరు చూస్తారంటారా? 1919లో పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఉన్న ఊరు మీది. హరికథకు ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు దాసు నోటినే చూస్తారు. ‘ఆ’ మీద రాగం తీసేటప్పుడు దవడ పూర్తిగా తెరుచుకుంటుంది, లోపల నాలుక చెక్కముక్కలా పడి ఉంటే కనబడదా? బల్ల మీద అద్దం పెట్టుకుని, నోరు కాస్త ఎక్కువగా తెరిచి ‘తప్పెటగుళ్ళు’ అనండి. ‘ప్ప’ దగ్గర పెదవులు ఎంతసేపు అతుక్కుంటాయో, ‘ళ్ళు’ దగ్గర నాలుక కొన ఎలా వెనక్కి మడుస్తుందో చూడండి.

కనుబొమలు, బుగ్గలు కొన్నవే ఉంచుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. పెదవులు, నాలుక మాత్రం చేత్తో చెక్కాల్సిందే. ఏడెనిమిదికి మించవు. అలాగే నవ్వుతూ రాగం తీసే ముఖానికి ఒక సవరణ ఆకృతి. నవ్వు, దవడ రెండూ కలిసినప్పుడు పెదవి చివర్లు చీలినట్టు అయ్యేది అక్కడే.

కళింగపట్నం లైట్‌హౌస్:
ముందు అది సీతాకల్యాణమా, సీతాకళ్యాణమా తేల్చండి. దాన్ని బట్టే నాలుక మడవాలో వద్దో తెలుస్తుంది.

పొందూరు నూలు:
ఆ గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి బాబూ, తెల్లారిపోతుంది.

గంటస్తంభం:
రాత్రి కూర్చుని ‘ళ’ ఒక్కటి చెక్కాను. రెండు గంటలు పట్టింది. దవడ సగానికి పైగా తెరిచినప్పుడు తేడా తెలుస్తోంది, కాదనను. తక్కువ తెరిచినప్పుడు నాకైతే ఏమీ కనబడలేదు. ‘మౌత్ క్లోజ్’ కూడా మీరు చెప్పినట్టే మళ్ళీ చెక్కాను, ‘అమ్మా’ కుదిరింది. 1:12 దగ్గర కన్ను నిజమే, సిగ్గేసింది. రేపు రెప్పల పని, తర్వాత ‘ణ’. మిగతావాటి జోలికి మాత్రం వెళ్ళను. మా మిత్రుడికి ఈ మాట మీలో ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.