ఎలుకకీ రీసస్ కోతికీ క్రోమోజోములు సమానం, మరి తేడా ఎక్కడ?

తోకచుక్క:
ఒక డౌట్ అండి. బ్రౌన్ ర్యాట్‌కి (ల్యాబుల్లో ఉండే తెల్ల ఎలుక కూడా ఈ జాతే) క్రోమోజోములు 42, రీసస్ కోతికీ 42 అట, మనకేమో 46. ఈ లెక్కన కోతి మనకంటే ఎలుకకి దగ్గరా? చూస్తే అలా అనిపించట్లేదు మరి.

నేనొక్కడినే:
నంబర్ కలిసిందంతే. రెండిళ్లలో 42 బీరువాలు ఉంటే లోపల సామాన్లు ఒకటే అయిపోవుగా. రీసస్ కోతుల వంశం, మన వంశం విడిపోయి సుమారు 2.5 కోట్ల ఏళ్లు, ఎలుకలు విడిపోయి దానికి మూడింతలు దాకా ఉంటుంది. రీసస్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) 2007లో చదివారు, మన డీఎన్ఏతో దాదాపు 93 శాతం కలిసింది. ఇంకోటి చెప్తే నమ్మరు, కుక్క పిల్లి ఆవు ఏనుగు వీటన్నిటికంటే ఎలుకే మనకీ కోతికీ దగ్గర చుట్టం.

పిల్లకాకి:
లోపలి తేడాలు ఇంకా భలే ఉంటాయి. ఎలుక సి విటమిన్ లివర్‌లోనే తయారుచేసుకుంటుంది, కోతికి అది చేతకాదు, తిండిలో దొరక్కపోతే మనలాగే స్కర్వీ (చిగుళ్ల నుంచి నెత్తురు కారే జబ్బు) వస్తుంది. ఎలుకకి గాల్‌బ్లాడర్ ఉండదు, వాంతి కూడా చేసుకోలేదు, అందుకే ఎలుకల మందు తిన్నాక కక్కేసి బతికే ఛాన్స్ దానికి లేదు పాపం. కోతి మనలాగే ఎరుపు ఆకుపచ్చ తేడా పట్టేస్తుంది, ఎలుకకి అది తెలీదు గానీ మనకి కనపడని అల్ట్రావయొలెట్ కనపడుతుంది.

తోకచుక్క:
ఇంత తేడా ఉంటే మందులు ఎలుకల మీద టెస్ట్ చేసి ఏం లాభం అసలు?

నేనొక్కడినే:
టైమ్ అండి. ఎలుక 22 రోజుల్లో ఎనిమిదీ పది పిల్లల్ని పెట్టేస్తుంది, రెండు మూడేళ్లలో దాని జీవితమే అయిపోతుంది. రీసస్‌కి ఐదున్నర నెలలు మోస్తే ఒక్క పిల్ల, బతికేది పాతికేళ్లు. కానీ ఎలుకని గుడ్డిగా నమ్మితే కష్టమే, థాలిడోమైడ్ (కడుపుతో ఉన్నవాళ్లకి వికారం తగ్గడానికి కూడా ఇచ్చిన మందు) చూడండి, 1961లో ఆపేసేలోపు వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు, అదే మందు ఎలుకలకిస్తే అలాంటి అవకరాలు రాలేదు, కోతులకిస్తే మాత్రం మనుషుల్లో లాగే వచ్చాయి. (అప్పట్లో కడుపుతో ఉన్న జంతువుల మీద సరిగ్గా టెస్టే చేయలేదనుకోండి, అది వేరే కథ.)

పిల్లకాకి:
అలాగని ఎలుకని మరీ తీసిపారేయకండి 😀 చక్కిలిగింతలు పెడితే 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచమంటుంది, మన చెవికి వినపడదంతే.