260/280 నిష్పత్తి 1.8 వచ్చినా పీసీఆర్‌లో బ్యాండ్ ఎందుకు రాలేదు?

పాలమూరు విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా ఊరి గుట్ట మీది సీతాఫలం చెట్ల ఆకులు తెచ్చి, సీటీఏబీ అనే డిటర్జెంట్‌తో కణాలను పగలగొట్టే పద్ధతిలో డీఎన్ఏ తీశాను. ఆకు నూరి బఫర్ పోసినప్పుడే ద్రవం బంకలా సాగింది. చివర ట్యూబు అడుగున చేరిన ముద్ద కూడా తెల్లగా కాక లేత గోధుమ రంగులో ఉంది. దానిని టీఈ బఫర్‌లో (ట్రిస్, ఈడీటీఏ కలిసిన ద్రావణం) కరిగించి, అందులో 5 మైక్రోలీటర్లను 495 మైక్రోలీటర్ల స్వేదనజలంలో కలిపి, స్వేదనజలాన్నే బ్లాంక్‌గా (సున్నా రీడింగుకు ఆధారంగా) పెట్టి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తే 260 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కాంతి శోషణ 0.12, 280 వద్ద 0.066, 230 వద్ద 0.15 వచ్చాయి. 260/280 నిష్పత్తి 1.8 ఉన్నది కాబట్టి డీఎన్ఏ శుద్ధంగానే ఉందనుకుని, 25 మైక్రోలీటర్ల పీసీఆర్‌లో (డీఎన్ఏలోని ఒక భాగానికి కోట్ల ప్రతులు తీసే చర్య) 2 మైక్రోలీటర్లు వేశాను. ప్రైమర్లు (ప్రతులు తీయాల్సిన భాగం అంచులకు అతికే చిన్న డీఎన్ఏ ముక్కలు) క్లోరోప్లాస్టులోని ఆర్‌బీసీఎల్ జన్యువుకు సంబంధించినవి. జెల్ మీద నడిపి చూస్తే వరి డీఎన్ఏ వేసిన ట్యూబుకు బ్యాండ్ (ప్రతులు తయారయ్యాయని చూపే గీత) చక్కగా వచ్చింది, నీళ్లు మాత్రమే వేసిన దానిలో ఏమీ రాలేదు, నా నాలుగు నమూనాల్లోనూ ఏమీ రాలేదు. ఇంటర్నల్ పరీక్షలో ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే వస్తే "ప్రైమర్లు పనిచేయలేదు" అని రాశాను, మార్కులు పడలేదు. సరైన జవాబు ఎలా ఆలోచించాలో దయచేసి చెప్పగలరు.

నల్లగొండ అధ్యాపకుడు:

అమ్మా, ముందు మీరు వేయని లెక్క ఒకటి వేద్దాం. రెండు పోగుల డీఎన్ఏకు 260 వద్ద శోషణ 1.0 ఉంటే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములని అర్థం. మీరు నూరు రెట్లు పలుచన చేశారు కాబట్టి 0.12ను 50తోనూ 100తోనూ గుణిస్తే మిల్లీలీటరుకు 600 మైక్రోగ్రాములు, అంటే మైక్రోలీటరుకు 600 నానోగ్రాములు. రెండు మైక్రోలీటర్లు వేశారంటే 1200 నానోగ్రాములు వేసినట్టు. మొక్కల డీఎన్ఏకు సాధారణంగా 10 నుంచి 100 నానోగ్రాములు సరిపోతాయి, మరీ ఎక్కువైతే అదే చర్యకు అడ్డుపడవచ్చు. ఆర్ఎన్ఏను తుంచే ఎంజైము ఆర్ఎన్ఏస్ వేయకపోతే ఆ 600లో కొంత ఆర్ఎన్ఏ కూడా ఉంటుంది, ఎందుకంటే అది కూడా 260 వద్దే శోషిస్తుంది.

ఇక 1.8 సంగతి. ట్రిప్టోఫాన్, టైరోసిన్ వల్ల ప్రోటీన్లు 280 వద్ద శోషిస్తాయి కాబట్టి ఆ నిష్పత్తి ప్రధానంగా ప్రోటీన్ కలిసిందా లేదా అన్నదే చెబుతుంది. మీ ఆకులోని జిగురు, అంటే పాలీశాకరైడ్లు, 260 వద్ద గానీ 280 వద్ద గానీ దాదాపు కనిపించవు. అవి ఎంత ఉన్నా ఆ నిష్పత్తి చలించదు. వాటి జాడ 230 వద్ద తెలుస్తుంది. మీ 260/230 నిష్పత్తి 0.8 మాత్రమే, శుద్ధమైన డీఎన్ఏకు అది 2 దగ్గర ఉండాలి. గోధుమ రంగు పాలీఫినాల్స్ ఆక్సీకరణ చెందడం వల్ల వచ్చింది. ఈ రెండూ పీసీఆర్‌లో ప్రతులు తీసే ఎంజైము అయిన టాక్ పాలిమరేజ్ పనిని అడ్డగించేవే.

పరీక్షలో మార్కులు ఎందుకు పోయాయంటే, వరి ట్యూబులో బ్యాండ్ వచ్చిందన్న సమాచారాన్ని మీరు వాడుకోలేదు. ప్రైమర్లు, ఎంజైము, యంత్రం అన్నీ పనిచేశాయని ఆ ట్యూబే సాక్ష్యం చెబుతున్నది. ఆ ప్రైమర్లు సీతాఫలానికి కూడా అతుకుతాయని మాత్రం అది రుజువు చేయదు. అందుకే ఇంకొక ట్యూబు కావాలి: వరి డీఎన్ఏతో పాటు మీ సీతాఫలం నమూనా ఒక మైక్రోలీటరు కలపండి. వరి బ్యాండ్ కూడా మాయమైతే అడ్డంకి మీ నమూనాలోనే ఉన్నది. బ్యాండ్ నిలిస్తే అప్పుడు ప్రైమర్లను, డీఎన్ఏ ముక్కలైపోయిందా అన్నదానిని అనుమానించాలి.

ఆకుపచ్చ గుట్ట:

సార్ చెప్పినదానికి ఒక చిన్న సందేహం. డీఎన్ఏ టీఈలో ఉండి బ్లాంక్ స్వేదనజలంతో పెడితే, ఈడీటీఏ వల్ల కూడా 230 రీడింగ్ పెరగదా?

నల్లగొండ అధ్యాపకుడు:

నమూనాను పలుచన చేయకుండా కొలిస్తే మీ అనుమానం సరైనదే. ఇక్కడ టీఈ కూడా నూరు రెట్లు పలుచబడింది కాబట్టి ఈడీటీఏ ప్రభావం లెక్కలోకి రాదు. నాకు అంతకంటే ఇబ్బందిగా తోచింది 0.066 అనే చిన్న అంకె. యంత్రం అటూ ఇటూ 0.005 తేడా చూపినా నిష్పత్తి 1.7 నుంచి దాదాపు 2.0 వరకు మారిపోతుంది. 20 మైక్రోలీటర్లను 480లో కలిపి మళ్లీ కొలిస్తే రీడింగు 0.48 దగ్గరికి వస్తుంది, అప్పుడు నమ్మవచ్చు.

ల్యాబ్ అక్క:

చెల్లెమ్మా, జిగురు ఆకులతో నేను కూడా చాలా అవస్థ పడ్డాను. పైపెట్ టిప్పును పైకి లేపితే ద్రవం తీగలా వెంట వస్తుంది, జెల్‌లో పోస్తే వెల్‌లో కూర్చోకుండా పైకి తేలిపోతుంది. ఈ రెండు గుర్తులు కనిపిస్తే స్పెక్ట్రోఫోటోమీటర్ దాకా కూడా వెళ్లనవసరం లేదు. ముదురు ఆకులు వదిలేసి లేత చిగుళ్లు తీసుకోండి. బఫర్‌లో పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచే పీవీపీ, ఆక్సీకరణను అడ్డుకునే బీటా మెర్కాప్టోఇథనాల్ వేస్తే గోధుమ రంగు బాగా తగ్గుతుంది. రెండోది ఘాటు వాసన గల విషపదార్థం, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవాలి. ఇథనాల్ పోసే ముందు సోడియం క్లోరైడ్ గాఢత పెంచితే పాలీశాకరైడ్లు చాలావరకు ద్రవంలోనే ఉండిపోయి డీఎన్ఏ మాత్రం కిందికి దిగుతుంది. కొత్తగా తీసే ఓపిక ఇప్పుడు లేకపోతే, ఉన్నదానినే 20 రెట్లు, 50 రెట్లు పలుచన చేసి చూడండి. డీఎన్ఏతో పాటు అడ్డుపడే పదార్థం కూడా తగ్గుతుంది.

పాలమూరు విద్యార్థిని:

సార్‌కు, అక్కకు, సందేహం అడిగిన వారికి కృతజ్ఞతలు. నిన్న పలుచన చేసి చూశాను. 20 రెట్ల ట్యూబులో బ్యాండ్ లీలగా కనిపించింది, 50 రెట్లది స్పష్టంగా వచ్చింది. నమూనా తగ్గించిన కొద్దీ బ్యాండ్ పెరగడం మొదట వింతగా తోచింది గానీ, మీరు చెప్పిన లెక్క ఎదురుగా పెట్టుకుని చూస్తే అర్థమైంది. అయితే ఎక్కువైన డీఎన్ఏ అడ్డుపడిందా, జిగురు అడ్డుపడిందా అన్నది దీనితో తేలదు కదా. వరి, సీతాఫలం కలిపిన ట్యూబు ఇంకా పెట్టలేదు, మా ల్యాబులో పాలిమరేజ్ అయిపోయింది. కొత్తది వచ్చాక ఆ ట్యూబుతో పాటు, చిగుళ్ల నుంచి శుభ్రంగా తీసిన డీఎన్ఏను కూడా అదే 1200 నానోగ్రాములు వేసి చూస్తాను.

నల్లగొండ అధ్యాపకుడు:

ఆ రెండో ట్యూబు నేను చెప్పకుండానే మీకు తట్టింది, బాగున్నది. జెల్ ఫలితం ఇక్కడే రాయండి.