అందరూ కలిసి అల్లే పనిలో ఒకరి ముక్కను మరొకరు విప్పి సరిచేయవచ్చునా?

ప్రశ్న:
మేము కొంతమందిమి కలిసి గోడకు వేలాడదీసే ఒక పెద్ద ఊలు తెరను తయారుచేస్తున్నాము. వచ్చిన ప్రతి ఒక్కరికీ 15 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి తెమ్మని మాత్రమే చెప్పి, రంగునూ అల్లికనూ వారి ఇష్టానికే వదిలాము. ఇప్పటికి చేరిన 90 ముక్కలను నేలమీద పరచి చూస్తే, బిగించి అల్లినవి 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయాయి, వదులుగా అల్లినవి 18 దాకా సాగాయి. జీవితంలో తొలిసారి సూదులు పట్టిన ఒక పెద్దావిడ ముక్కలో నడిమధ్యన ఒక కుట్టు జారిపోయి, అయిదు వరుసల కిందిదాకా నిచ్చెన మెట్లలాగా అడ్డపోగులే మిగిలాయి. దానిని విప్పి మళ్ళీ అల్లిపెడతానని మా బృందంలో చేయి తిరిగిన ఒకరు అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. విప్పితే అది ఎవరి ముక్క అవుతుంది?

మొదటి సమాధానం:
దయచేసి విప్పకండి. 2006 ఏప్రిల్‌లో డెన్మార్క్ కళాకారిణి మరియాన్ యోర్గెన్సెన్, ఇరాక్ యుద్ధంలో తమ దేశం పాల్గొనడానికి నిరసనగా, కోపెన్‌హాగెన్‌లో రెండవ ప్రపంచయుద్ధ కాలపు యుద్ధట్యాంకు ఒకదానికి గులాబీరంగు ఊలు ముసుగు తొడిగారు. పలు దేశాలవారు అల్లి పంపిన 4,000కు పైగా చదరాలు అందులో ఉన్నాయి. అవన్నీ ఒకే చేతితో అల్లినట్టు నున్నగా ఉండి ఉంటే అది ట్యాంకుకు కుట్టించిన గలేబుగా మిగిలేదే తప్ప, అంతమంది విడివిడిగా చెప్పిన అసమ్మతిగా కనిపించేది కాదు.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే పని సంగతి ఒకటి చెప్పాలి. జారిన కుట్టును అలాగే వదిలి తెరను వేలాడదీస్తే, బరువుకు అది ఇంకా కిందికి జారుతుంది. ముందుగా వదులైన ఆ కుట్టుకు ఒక పిన్నీసు తగిలించండి. తరువాత కొన కొక్కెంలా వంగిన క్రోషే సూదితో ఒక్కొక్క అడ్డపోగునూ ఆ కుట్టులోంచి లాగుతూ పైకెక్కవచ్చు, లేదా అక్కడే దారంతో బంధించి ఆపవచ్చు. ముక్క మొత్తాన్ని విప్పవలసిన అవసరమే లేదు. చిన్న చదరాల చుట్టూ క్రోషేతో ఒకటి రెండు వరుసల అంచు వేస్తే కొలత కలుస్తుంది. పెద్దవాటిని లాగి సరిచేయాలని చూడకండి, ఒకదానిమీద ఒకటి కాస్త ఎక్కేలా కుట్టండి.

మూడవ సమాధానం:
నేను కొంచెం విభేదిస్తాను. తేడా అంతా అందమే అనేస్తే, బాగా అల్లాలని తపించినవారి శ్రమకు విలువ లేకుండా పోతుంది. వర్ట్‌హైమ్ అక్కచెల్లెళ్ళు మార్గరెట్, క్రిస్టీన్ లాస్ ఏంజెలిస్‌లో 2005లో మొదలుపెట్టిన క్రోషే పగడపు దిబ్బను, అంటే సముద్రపు పగడపు దిబ్బను పోలేలా క్రోషేతో అల్లిన కళాకృతిని చూడండి. దానికి మూలం గణితవేత్త డైనా తైమిన్యా 1997లో కనిపెట్టిన పద్ధతి: నిర్ణీత సంఖ్యలో కుట్లు వేసిన ప్రతిసారీ ఒక కుట్టు పెంచుకుంటూ పోతే, అల్లిక చదునుగా ఉండలేక అంచులు కుచ్చిళ్ళుగా ముడుచుకుంటాయి. ఆ లెక్కను కావాలని సడలించినప్పుడే అవి అచ్చం సముద్రజీవుల్లా తయారయ్యాయి. అక్కడ నియమం తెలిసి, దానిని మీరారు. మీ పెద్దావిడ తెలిసి వదిలిన కుట్టు కాదు కదా. నేర్చుకునే అవకాశం ఆమెకు ఇవ్వకుండా లోపాన్ని మెచ్చుకోవడం గౌరవమని నాకు అనిపించదు. ఇంకొక మాట: చదరం అల్లడం వరకే వారిని పిలిచి, ఏది ఎక్కడ అమర్చాలో మీరే నిర్ణయిస్తే వారు మీకు ముక్కలు అందించినవారే అవుతారు. అతికే రోజున కూడా అందరినీ పిలవండి, అందరి పేర్లూ తెర పక్కన రాయండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఆమెనే అడిగాను. క్రోషే సూదితో కుట్టును పైకి ఎక్కించే పద్ధతి చూపమన్నారు. రెండు మెట్లు తానే ఎక్కించి ఆగి, మిగిలిన రంధ్రం చుట్టూ పసుపు ఊలుతో కుట్టి బంధించారు. ఆ ముక్కను తెరలో ఎక్కడ పెట్టాలో ఆదివారం ఆమే చెబుతారు.