‘వెలివేయు’ క్రియను వరదకు వాడవచ్చునా?

ప్రశ్న (లంక బడి):
నేను కోనసీమలో తెలుగు చెబుతాను. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నీరు దిగినప్పటి సంగతి రాయమంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు “మా లంక నాలుగు రోజులు వెలివేయబడింది” అని రాశాడు. ఎర్ర సిరాతో గీత గీశాను గానీ, తప్పేమిటని వాడు అడిగితే తడుముకున్నాను. ఒంటరిగా మిగలడం రెండింటిలోనూ ఉన్నదే కదా?

గట్టు మీది మనిషి:
గీత గీయడం సబబేనండి. ‘వెలి’ అంటే బయట. వెలుపల, వెలికితీయు, వెలిబుచ్చు అన్న మాటల్లో ఉన్నది అదే. అయితే ఒకరిని వెలివేయాలంటే లోపల కూర్చుని తీర్పు చెప్పేవారు ఉండాలి, ఆ ఒకరు అంతవరకు ఆ లోపలివారై ఉండాలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన పక్షాన నిలిచినవారికి ఎదురైనది వెలి. గోదావరికి కులమూ లేదు, కట్టుబాటూ లేదు. లంకకు రాకపోకలు తెగిపోయాయంటే చాలు. ఆ ‘బడింది’ కూడా తెలుగు నోటికి ఎక్కదు, ‘వెలిలో ఉన్నారు’ అంటాం.

పాత నిఘంటువు:
మరి ‘బహిష్కరించు’? ఎన్నికలను బహిష్కరిస్తాం గానీ వెలివేయం, ఎందుకంటే అక్కడ తప్పుకునేది మనమే. మనుషుల విషయంలో మాత్రం రెండూ కలుస్తాయి. 2017లో భీమవరం దగ్గరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తరువాత దళితులను పనులకు పిలవడం మానినప్పుడు పత్రికలు ‘సాంఘిక బహిష్కరణ’ అని రాశాయి, ఊళ్లో జనం వెలి అన్నారు. నాకైతే రెండో మాటే నిజానికి దగ్గరగా తోస్తుంది.

అమ్మమ్మ మనవరాలు:
మా అమ్మమ్మ చెప్పిన వెలిలో తీర్పు ఎవరూ చదివి వినిపించలేదు. ఆమె చిన్నతనంలో, తెల్లవారుజామున నిప్పు కోసం పిడక పట్టుకుని పక్కింటికి వెళితే, లోపల పొయ్యి రాజుతూనే ఉన్నా “మా పొయ్యి ఆరిపోయిందమ్మా” అన్నారట. తరువాత పెద్దలు తప్పు కట్టించుకుని ‘కలుపుకున్నారు’. వెలివేయడానికి ఎదురు మాట అదేనండి.

లంక బడి:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చెప్పగా పిల్లవాడు ఆ వాక్యం కొట్టేసి “చుట్టూ నీరు చేరి మా లంకకు రాకపోకలు తెగిపోయాయి” అని రాశాడు. కానీ కింద ఇంకొకటి చేర్చాడు: “పడవ అందరి గుమ్మాలకూ వచ్చింది, మా పేటకు రాలేదు, అది వెలి కాదా మాస్టారూ?” ఆ వాక్యం కింద గీత గీయలేదు.