రేపే డీ అండ్ సీ, జెనెటిక్ టెస్టుకు పంపాలా?

మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర. నాకు 29 ఏళ్లు. పోయినేడు ఎనిమిదో వారంలో అబార్షన్ అయింది. ఇప్పుడు తొమ్మిదో వారం, నిన్న స్కానింగ్‌లో హార్ట్ బీట్ లేదన్నారు. రేపు పొద్దున డీ అండ్ సీ, అంటే గర్భసంచి శుభ్రం చేస్తారు. తీసినదాన్ని జెనెటిక్ టెస్టుకు హైదరాబాద్ పంపిద్దామా అని డాక్టరమ్మ అడిగారు. ఖర్చు వేలల్లో ఉంది. మాది మేనరికం. ఇంటికొచ్చినవాళ్లలో ఒకరు మేనరికం వల్లే అంటారు, ఇంకొకరు స్కూటీ నడిపినందుకే అంటారు. నాకు ఏడుపు తప్ప ఏమీ తోచడం లేదు. ఆ రిపోర్టుతో ఏమన్నా ఉపయోగం ఉంటుందా?

నంద్యాల నుంచి

పంపించు చెల్లీ. నాకు మూడు పోయాయి. రెండోసారి నేనూ పంపించాను, కానీ థియేటర్‌లో అలవాటుగా, ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేసేశారు. కల్చర్ చేయాలంటే, అంటే ల్యాబ్‌లో కణాలను పెంచాలంటే, అవి బతికుండాలి, ఫార్మలిన్‌లో పడితే చచ్చిపోతాయి. ల్యాబ్ వాళ్లు పనికిరాదన్నారు. నీలం ఇంకుతో నా పేరు, తేదీ రాసిన ఆ బాటిల్ ఇప్పటికీ కళ్లముందే ఉంది. రేపు లోపలికి వెళ్లేముందే చెప్పు: స్టెరైల్ సెలైన్‌లోనే వేయండి అని. మీ ఆయనతో కూడా చెప్పించు, మత్తు ఇచ్చాక నీ చేతిలో ఏముండదు.

మూడోసారి మైక్రోఅర్రే చేయించాం, క్రోమోజోముల్లో ఎక్కువ తక్కువలు చూసే టెస్ట్ అది. 16వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయని వచ్చింది. పిండం ఏర్పడేటప్పుడే జరిగిపోయిన పొరపాటు అది. ఆ కాగితం చూశాక మా ఇంట్లో ఎవరూ నన్ను మాట అనలేదు.

కడప నుంచి

మాకు నార్మల్ అని వచ్చింది. డబ్బూ పోయింది, కారణమూ తెలియలేదు. నేనైతే మళ్లీ చేయించను.

అనంతపురం, ల్యాబ్ పని

డాక్టర్ని కాను, ల్యాబ్‌లో పని చేస్తాను. కడప అక్కా, 46 ఎక్స్ ఎక్స్ అని, అంటే నార్మల్ ఆడ క్రోమోజోములని వస్తే అవి తల్లి కణాలే కావచ్చు. అందుకే సరిపోల్చడానికి తల్లి రక్తం కూడా పంపాలి. నిజంగానే నార్మలైతే అదీ ఒక సమాచారమే, అప్పుడు తల్లి వైపు వెతకాలి: థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం, ముఖ్యంగా ఏపీఎల్ఏ, అంటే రక్తం గడ్డకట్టించే యాంటీబాడీల టెస్ట్. ఏపీఎల్ఏ పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేసి ఖాయం చేసుకుంటారు. దానికి ఆస్పిరిన్, హెపారిన్ ఉన్నాయి. చేతిలో డబ్బు ఒకదానికే ఉంటే నా ఓటు ఏపీఎల్ఏకే. కానీ రక్తం తర్వాతైనా ఇవ్వొచ్చు, ఆ ముక్క రేపు ఒక్కరోజే దొరుకుతుంది.

మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం క్రోమోజోమ్ తేడాలవే, అందుకే ఒకసారి పోతే సాధారణంగా ఎవరూ టెస్ట్ చేయించమనరు. యూరప్ సంతాన వైద్యుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ రెండుసార్లు పోతే పరీక్షలు మొదలుపెట్టమంటుంది, బ్రిటన్ గైనకాలజీ డాక్టర్ల సంఘం ఆర్‌సీఓజీ మూడు అంటుంది. మేనరికంలో భయం వేరు, ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే బిడ్డకు వచ్చే జబ్బులు. ఒక క్రోమోజోమ్ ఎక్కువ రావడం దానివల్ల కాదు. రిపోర్టులో క్రోమోజోమ్ ముక్కలు చోటు మారే ట్రాన్స్‌లొకేషన్ అనుమానం ఉంటే మాత్రం మీ ఇద్దరి రక్తంతో క్రోమోజోములు చూసే క్యారియోటైప్ చేయించాలి.

అడిగినామె

అయిపోయింది. సెలైన్‌లోనే వేశారు, నా రక్తం కూడా తీసుకున్నారు. ఐస్ బాక్స్ మూత వేసేలోపు బాటిల్ మీద నా పేరు సరిగ్గా ఉందా లేదా అని మా బావ రెండుసార్లు చదివాడట. ఏపీఎల్ఏ వచ్చే నెల జీతం రాగానే.